పదకొండు గంటల పంచనామా

విజయవాడ కోర్టు వరండా, ఉదయం పదీ పది. బ్యాటరీ దొంగతనం కేసులో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన టీ బండి రత్తయ్యకి పాఠం అప్పజెప్పించాల్సిన హెడ్ కానిస్టేబుల్ జక్కయ్య, ఆ పని పక్కన పెట్టి జేబులోంచి ఫోన్ తీసి వీడియో పెట్టాడు.

"ఆగు, ఆగు, ఇప్పుడొస్తా. జీపు దిగాడా ఏసీపీ రణధీర్? కళ్ళజోడు తీశాడా? ఇప్పుడు ఎడమ పక్క చూడు. ఇదుగో, నేనే. సెల్యూట్. చూశావా?"

"చూశానండి. నాలుగోసారి."

"మూడు సెకన్లు నిండా ఉన్నానయ్యా. మామూలుగా మనబోటి వాళ్ళని భుజం దాకా చూపించి వదిలేస్తారు. నన్ను టోపీతో సహా చూపించాడు. మా అమ్మాయి భానుశ్రీ ఆ ముక్క వరకు కత్తిరించి, వెనకాల మ్యూజిక్ కలిపి ఇచ్చింది. రాత్రే స్టేటస్ పెట్టా. మూడొందల పన్నెండు మంది చూశారు. పామర్రులో మా అత్తగారు టీవీకి హారతిచ్చిందంట. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను ఇంటికెళ్తే మంచినీళ్ళివ్వని మనిషి."

"మంచిదండి. జక్కయ్య గారూ, ఆ సీరియల్ గురించే ఒక మాట..."

"సీరియల్ అంటే సీరియలా అది. 'తొమ్మిదో డివిజన్' అంటే రాష్ట్రం మొత్తం అన్నం పళ్ళెం చేత్తో పట్టుకుని చూస్తది. మొన్న వారం హంతకుణ్ణి ఎట్టా పట్టుకున్నాడు? చొక్కా గుండీ వాసన చూసి పట్టుకున్నాడు. మా ఎస్సైగారు అది చూసి, మర్నాడు రోల్ కాల్‌లో మమ్మల్నందర్నీ నిలబెట్టి తిట్టారు. మీరెప్పుడైనా ఒక్క గుండీ వాసన చూశారా అని."

"అది కాదండి, ఆ షూటింగ్..."

"షూటింగ్ తర్వాత. ముందు పాఠం. పదిన్నరకి జడ్జి దొరగారు బెంచీ మీదకొస్తారు. అప్పజెప్పు."

"నా పేరు కొల్లి రత్తయ్య. టీ బండి. పోయిన నవంబరు పద్నాలుగో తారీకు ఉదయం పదకొండు గంటలకు ఆటోనగర్ గేటు దగ్గర... గేటు దగ్గర..."

"నిలబడి ఉండగా."

"నిలబడి ఉండగా పోలీసువారు పిలవగా వెళ్ళితిని. ముద్దాయి చిట్టిబాబు చేతిలో గోనెసంచి ఉండెను. అందులో బంగార్రాజు గారి షెడ్డులో పోయిన లారీ బ్యాటరీ ఉండెను. పంచనామా చదివి వినిపించగా సంతకం చేసితిని."

"ఉండెను, చేసితిని అనకయ్యా. అది నేను కాగితం మీద రాసే భాష. నువ్వు మనిషిలాగా చెప్పు. నీకేమన్నా కొత్తా? ఇది ఎన్నోది?"

"నలభై మూడోదండి."

"నలభై మూడు. స్టేషన్ గోడ పక్కన టీ కాచుకుంటానే జిల్లాలో నలభై మూడు చోట్ల దొంగసొత్తు పట్టుకోవడం కళ్ళారా చూసినోడివి. నీ అంత అనుభవం ఉన్న సాక్షి కృష్ణా జిల్లాలో లేడు. ఏ లాయరు అడిగినా గుటక వెయ్యకుండా చెప్పావు ఇన్నాళ్ళూ. ఇవాళేంటి గేటు దగ్గర ఆగిపోతన్నావు?"

"సొలొమోను రాలేదాండి?"

"రెండో సాక్షి సంగతి ఎత్తకు. సమన్లు అందగానే బందరులో బావమరిదికి ఒంట్లో బాలేదని పోయాడు. ఇక ఉన్నది నువ్వొక్కడివే. నువ్వు గట్టిగా నిలబడితే ఎస్సైగారికి మెప్పు, నాకు ఏఎస్సై లిస్టులో పేరు. పద్నాలుగు నెలల్లో రిటైరైపోతాను రత్తయ్యా, భుజం మీద ఆ ఒక్క నక్షత్రం లేకుండా ఇంటికెళ్ళమంటావా?"

"వాడికెన్నాళ్ళు పడుద్దండి?"

"ఎవరికి?"

"చిట్టిబాబుకండి."

"మూడేళ్ళ దాకా వెయ్యొచ్చు. ఏడాది వేస్తారేమోలే. అయినా అదంతా నీకెందుకు?"

"అదుగోండి, మెట్ల దగ్గర కూర్చున్నాడు. పెళ్ళాం హేమ కూడా వచ్చింది."

"అటు చూడకు."

"మొన్న నా బండి దగ్గరికొచ్చిందండి ఆ పిల్ల. ఆటోనగర్ నుంచి నడిచే వచ్చినట్టుంది, చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. టీ పోసిస్తే ముట్టుకోలా. బాబాయ్, పద్నాలుగో తారీకున మా ఆయన్ని నువ్వు చూశావంటగా అంది. చూశానమ్మా అన్నా. నిజంగా చూశావా అంది. నిజంగానే చూశానమ్మా అన్నా. ఎనిమిది నెలల నుంచి పని లేదంట వాడికి. ఏ షెడ్డు మెట్లెక్కినా, బ్యాటరీలు జాగ్రత్తరోయ్ అని నవ్వుతున్నారంట. ఆ మాట చెప్పి వెళ్ళిపోయింది. ఆ గ్లాసు టీ నేనే తాగా."

"సమాధానం మాత్రం మంచిది చెప్పావు. లోపల కూడా అదే చెప్పు."

"అదే చెప్తానండి."

"నమస్తే జక్కయ్య గారూ."

"నమస్తే మేడం. లెగు రత్తయ్యా. సుస్మిత మేడం, చిట్టిబాబు తరపు లాయరు గారు."

"కూర్చోండి బాబాయ్ గారూ, పర్లేదు. జక్కయ్య గారూ, రాత్రి టీవీలో చూశానండీ మిమ్మల్ని. పొద్దున మీ స్టేటస్‌లో మళ్ళీ చూశాను. వేలు పెట్టి ఆపి ఆపి చూశాను."

"అంతా మీ అభిమానం మేడం."

"నిజంగా జరుగుతున్నట్టే ఉందండీ. దొంగ, సాక్షి, వెనకాల మీరు. పంచనామా కాగితం దగ్గరగా చూపించారు చూడండి, ఆ చేతిరాత ఎంత బాగుందో. ఎవరిదండీ అది?"

"నాదే మేడం. వాళ్ళకి పంచనామా ఎట్టా ఉంటదో తెలీదు. రంగు రంగుల్లో ప్రింటు తీసి తెచ్చారు, పైన గద్ద బొమ్మ, కింద వేలిముద్రకి గాజు పలక. నేను డైరెక్టరు గారికి మర్యాదగానే చెప్పా, అయ్యా, ఇది చూస్తే మా డిపార్టుమెంటు నవ్వుతుంది అని. తెల్ల కాగితం తెప్పించి నేనే రాసిచ్చా. చెయ్యి కలిపారాయన."

"అక్కడికక్కడేనా?"

"అక్కడికక్కడే మేడం. వన్ టౌన్లో, హోల్‌సేల్ కొట్ల మధ్య, బస్తాల మీద పెట్టుకుని రాశా. ఒక్క కొట్టివేత లేదు."

"మీరు చెప్పారు కాబట్టి తెలిసింది. చాలా థాంక్సండీ. లోపల కలుద్దాం."

"చూశావా రత్తయ్యా. ఎదుటి పక్షం లాయరమ్మ. పని మానుకుని వచ్చి మెచ్చుకుని పోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క లాయరు నాకు థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు."

"జక్కయ్య గారూ, ఆ షూటింగ్ ఏ రోజు జరిగిందో గుర్తుందాండి మీకు?"

"ఎందుకు లేదు. కార్తీక మాసం. బళ్ళో పిల్లలంతా జేబులకి గులాబీలు పెట్టుకుని షూటింగ్ చూడ్డానికొచ్చారు. తోయలేక చచ్చాం. పిల్లల దినోత్సవం కదా ఆ రోజు."

"అంటే తారీకు ఎంతండి?"

"నవంబరు పద్నాలుగు. ఏటా అదే కదయ్యా. నవంబరు... ఉండు."

"ఉన్నానండి."

"నవంబరు పద్నాలుగు మనది కదూ?"

"మనదేనండి. ఆటోనగర్ గేటు."

"అయితే ఏమైంది. షూటింగ్ పొద్దున కాసేపేగా జరిగింది. ఆ తర్వాత మనం ఆటోనగర్ వెళ్ళుంటాం."

"దీపాలు పెట్టేదాకా వన్ టౌన్లోనే ఉన్నామండి. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలిస్తే, కార్తీక మాసం నేను తినను అని మీది తీసి చిట్టిబాబుకిచ్చారు. వాడు రెండు పొట్లాలు తిన్నాడు, ఒకటి పెళ్ళానికి తీసుకెళ్ళరా అంటే వినలేదు."

"నేనిచ్చానా?"

"మీ చేత్తోనే ఇచ్చారండి. వాడి చేతులకి బేడీలుంటే పొట్లం నేను విప్పి పెట్టా."

"సరేలే. నెమ్మదిగా మాట్లాడు. ఇదంతా ఎవరికి గుర్తుంటది."

"నాకు గుర్తుందండి. మర్చిపోదామని చూశా. రాత్రి టీవీలో వాడి మొహం చూశాక అంతా వరసగా గుర్తొచ్చింది. సీరియల్ వాళ్ళు దొంగ వేషానికని ఆటోనగర్ నుంచి ఐదుగురిని ఆటో ఎక్కించుకొచ్చారు. డైరెక్టరు గారు వరసగా నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇతని మొహంలో నేరం కనపడుతోంది, ఇతనే కావాలి అన్నారు. మురిసిపోయాడండి పిచ్చి నాయన. పంచనామాకి సాక్షి కావాలంటే, మా దగ్గర అనుభవం ఉన్న మనిషున్నాడని మీరు నాకు ఫోన్ చేసి పిలిపించారు. చిట్టిబాబుని ఏడవమన్నారు, ఏడ్చాడు. కంట్లో మందు చుక్కలు కూడా అక్కర్లేకపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. మీరే ముందు కొట్టారు."

"బాగా చేశాడు మరి."

"సాయంత్రం సామాన్లు సర్దుతుంటే ఎస్సైగారు ఫోన్ చేశారు మీకు. బంగార్రాజు గారికి ఇరవై నాలుగు గంటల్లో దొంగని పట్టి చూపిస్తానని మాటిచ్చేశాను, పేపరు వాళ్ళని కూడా పిలిచాను, ఎవరినో ఒకర్ని చూడు జక్కయ్యా అన్నారంట. మీరే చెప్పారు నాకు, తల గోక్కుంటా. వీడేమో బేడీల తాళం ఎవరి దగ్గరుందో తెలీక అక్కడే నిలబడి ఉన్నాడు. ఏ ఏరియారా నీది అని అడిగారు మీరు. బంగార్రాజు గారి షెడ్డుకి మూడో షెడ్డండి అన్నాడు. మీరు కాసేపు వాడి మొహం వంక చూశారు."

"డైరెక్టరు అంతటోడు చూసి చెప్పాడు కదయ్యా, మొహంలో నేరం ఉందని."

"బేడీలు సీరియల్ వాళ్ళవండి. తాళం దొరకలేదు. వాటితోనే జీపెక్కించాం. వాడు అది కూడా షూటింగే అనుకుని, ఇటు కూర్చోవాలాండి, అటు కూర్చోవాలాండి అని అడుగుతా ఎక్కాడు."

"ఆపు."

"ఆ రాత్రి మీరు పంచనామా రాస్తుంటే నేనడిగా, టైము ఎంత వేస్తున్నారండీ అని. పదకొండు గంటలన్నారు. పంచనామా అంటే పదకొండు గంటలే, దొరగార్లకి ఆ టైము నచ్చుద్ది అన్నారు. నలభై మూడూ పదకొండు గంటలకేనండి. బ్యాటరీ లేకపోతే మన జీపులోది తీసి గోనెసంచిలో వేశారు. దాని మీద జీపు నంబరు ఉంటే కిరసనాయిలు గుడ్డ పెట్టి తుడిచింది నేనే. బంగార్రాజు గారొచ్చి, నాదే ఇది, ఎక్కడున్నా గుర్తు పడతా అన్నారు."

"వారం రోజులు జీపు తోసుకున్నాం, ఆ సంగతి చెప్పవేం? సరే, అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడు ఆ షూటింగ్ పద్నాలుగునే జరిగిందని ఎవడికి తెలుసు? ఎనిమిది నెలలు దాచి రాత్రి వేశారు. టీవీలో తారీకు కనపడుద్దా?"

"కనపడుద్దండి."

"ఎక్కడ?"

"నా సంతకం కింద."

"ఏం సంతకం?"

"మొదటి పంచనామాలో నేను సంతకం పెట్టి వదిలేస్తే మీరు గంటసేపు తిట్టారు. తారీకూ టైమూ లేని సంతకం కోర్టులో చెల్లదు, చచ్చేదాకా గుర్తు పెట్టుకో అన్నారు. గుర్తు పెట్టుకున్నానండి. సీరియల్ వాళ్ళు సంతకం పెట్టమంటే పెట్టి, చెయ్యి ఆగకుండా కింద తారీకు వేసి, గోడ మీద గడియారం చూసి టైము కూడా వేశా. నాటకమని గుర్తు రాలా. డైరెక్టరు గారు కాగితం మీదకి కెమెరా దించి, పెద్దాయన ఎంత సహజంగా చేశాడో చూడండి, ఇది తియ్యకండి అన్నారు. తియ్యలేదు. మీ స్టేటస్‌లో సెల్యూట్ అయ్యాక ఉందండి. ఆపి చూడండి."

"ఉండు. వెలుగు తగులుతోంది. కె. రత్తయ్య... పద్నాలుగు, పదకొండు... ఉదయం... ఎన్ని గంటలని వేశావయ్యా?"

"పదకొండండి. ఆ ఒక్క రోజు గడియారంలో నిజంగానే పదకొండైంది."

"ఇవెవరి చేతులు, బేడీలతో?"

"చిట్టిబాబువండి."

"వెనకాల..."

"మీరేనండి. సెల్యూట్ చేసి చెయ్యి దించుతున్నారు."

"ఓరి నాయనో. కొంప ముంచావు కదయ్యా. ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"రాత్రే తెలిసిందండి. మా ఆదెమ్మ చూసి, ఏమయ్యా, పట్టపగలు వాణ్ణి పక్కన పెట్టుకుని వాడికి బిర్యానీ పెట్టి, ఆ రాత్రే వాడు దొంగని కాగితం మీద సంతకం చేశావా అంది. అన్నం పెట్టలేదు నాకు."

"రాత్రే నాకు చెప్పొద్దూ?"

"పొద్దున వచ్చిందే అందుకండి. మీరు చెప్పనిస్తేగా. నాలుగు సార్లు సెల్యూట్ చూపించారు."

"ముందు ఈ స్టేటస్ తీసేస్తా. ఎవరెవరు చూశారో చూడనీ. మా బావ... ట్రెజరీ ప్రసాదు... ఎస్సైగారు... సుస్మిత మేడం. ఆపి ఆపి చూశానంది. ఆపి ఆపి అంది కదూ?"

"అందండి. చేతిరాత కూడా అడిగింది."

"నాదే అన్నాను."

"బస్తాల మీద పెట్టి రాశానని కూడా చెప్పారు."

"తీసెయ్యి, తీసెయ్యి... ఇదేంటి, ఊరికే తిరుగుతోంది. సిగ్నల్ లేదు. ఈ కోర్టులో ఎప్పుడూ ఇంతే. రత్తయ్యా, నువ్వు నా మాట విను. తారీకు పొరపాటున వేశానని చెప్పు. షూటింగ్ పదిహేనున జరిగిందని చెప్పు."

"పదిహేనున వాడు మన లాకప్పులో ఉన్నాడండి. పేపర్లో ఫొటో కూడా పడింది."

"పదమూడు అను."

"గులాబీలు పెట్టుకున్న పిల్లలు కనపడతన్నారండి వెనకాల."

"మరేం చెయ్యమంటావు? ఒకే రోజు ఒకే గంటకి ముగ్గురం రెండు చోట్ల ఉన్నట్టు నా చేత్తోనే రెండు కాగితాలున్నాయి. ఒకటి చింపుదామంటే కోర్టులో ఉంది. రెండోది రాష్ట్రమంతా చూసింది."

"అదేనండి నాకు రాత్రంతా నిద్ర పట్టకుండా చేసింది. ఒకటి నాటకానికి రాశారు, ఒకటి కోర్టుకి రాశారు. నాటకానికి రాసిందే నిజమై కూర్చుంది. ఆ సీరియల్లో చిట్టిబాబుని పది నిమిషాల్లో వదిలేశారండి. ఏసీపీ రణధీర్ గాజు పలక మీద గీతలు గీసి, తప్పు మనిషిని తెచ్చామయ్యా అని భుజం తట్టి పంపాడు. మధ్యలో రెండు సార్లు సబ్బు ప్రకటన కూడా వేశారు. మన దగ్గర నలభై రోజులు జైల్లో ఉన్నాడు."

"నాకు నీతులు చెప్పకు. నీ బండి స్టేషన్ గోడ పక్కన ఎవరి దయ మీద నిలబడిందో అది ముందు ఆలోచించుకో. పన్నెండేళ్ళు. ఒక్క రోజు ఎవడన్నా కదపమన్నాడా?"

"లేదండి. ఆ మాట ఎక్కడైనా చెప్తా. అందుకే మీకు ఇబ్బంది లేకుండా తెల్లారకముందే తోసుకుపోయా. బందరు కాలవ గట్టు మీద పెట్టా. అక్కడ పెద్ద గిరాకీ ఉండదు, ఎండ కూడా ఎక్కువే. ఏం చేస్తాం."

"బండి తోసుకుపోయావా? అంటే నువ్వు ముందే... రత్తయ్యా, నా ఏఎస్సై సంగతో? మా అత్తగారు హారతిచ్చింది నాకు."

"నాకూ భయంగానే ఉందండి. ఇన్నేళ్ళూ చూడనివి చూశానని చెప్పేటప్పుడు ఒక్కసారీ భయపడలేదు, చిత్రం."

"అదుగో, బంట్రోతు బయటికొచ్చాడు. పిలుస్తాడు."

"కొల్లి రత్తయ్యా... కొల్లి రత్తయ్యా... కొల్లి రత్తయ్యా..."

"వస్తున్నానయ్యా. వెళ్ళొస్తానండి."

"ఆగు. ఒక్క మాట చెప్పి వెళ్ళు. ఏం చెప్తావు లోపల?"

"మీరు నేర్పిన పాఠమేనండి. నవంబరు పద్నాలుగు, ఉదయం పదకొండు గంటలు. మీరున్నారు, నేనున్నాను, చేతులకి బేడీలతో చిట్టిబాబున్నాడు. పంచనామా మీరు రాశారు, నేను సంతకం పెట్టాను. అన్నీ కళ్ళారా చూశాను. నలభై మూడింట్లో నిజంగా చూసింది ఇదొక్కటే, దీనికి తడబడనండి."

"మరి చోటు? ఎక్కడ చూశావని అడుగుద్ది కదయ్యా ఆ లాయరమ్మ."

"అడిగితే, మీ స్టేటస్ చూపించమంటానండి."